మురికి చొక్కా, తుప్పు షెడ్డు

చిన్నారికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నా బల్ల మీది బొమ్మ షెడ్డును చూసి బుజ్జి ఒక ప్రశ్న అడిగాడు. "నా చొక్కాకు మురికి అంటితే అమ్మ తిడుతుంది కదా తాతయ్యా, నువ్వేమో కొత్త షెడ్డు కట్టి దానికి నువ్వే మురికి పూస్తున్నావు. నిన్ను ఎవరూ తిట్టరా?" అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను కానీ ఫోను పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఇక్కడ మసాచుసెట్స్‌లో రెండు రోజులుగా మంచు. గడప దాటే పని లేదు. కూర్చుని జవాబు రాస్తున్నాను.

తిట్టారు, బుజ్జీ. ఎవరు తిట్టారో, ఎందుకు తిట్టారో చెబుతాను.

మీ పెదనాన్న ఇంటి పక్కన నా ఈడు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన బేస్‌మెంట్ నిండా బొమ్మ రైళ్లు. అంగట్లో కొనే పిల్లల బొమ్మలు కావు. అన్నీ అసలు కొలతలో 87వ వంతు. దాన్ని హెచ్‌ఓ స్కేలు అంటారు. అసలు భవనంలో అడుగు ఇక్కడ 3.5 మిల్లీమీటర్లు. ఆరడుగుల మనిషి 21 మిల్లీమీటర్లకు, అంటే అగ్గిపుల్లలో సగానికి దిగిపోతాడు. రైళ్లు ఉంటే వాటి పక్కన స్టేషన్లు, బొగ్గు కొట్లు, గోదాములు కూడా ఉండాలి కదా. వాటిని ముక్కలు ముక్కలుగా కోసి పెట్టెలో పెట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని అతికించి రంగులు వేసుకుంటారు. ఆ పెట్టె పేరు కిట్టు. ఈయన ఆ కిట్లకు ప్లాన్లు గీస్తాడు. నేను రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గీతలు గీసినవాణ్ణని తెలిసి, ఒక సరుకుల షెడ్డు గీసిపెడతారా అని అడిగాడు. పని లేక గోళ్లు గిల్లుకుంటున్నవాణ్ణి, ఎగిరి గంతేశాను.

ఈ ప్రాంతపు పాత షెడ్డు ఎలా ఉంటుందో అలాగే గీశాను: రాతి పునాది, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కిన అడ్డ పలకల గోడలు, పైన రేకులు. బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కను లేజర్ మిషన్ కోసి ఇచ్చింది. ఆ చెక్కే ఎందుకంటే దాని చారలు కంటికి ఆనవు. మన టేకు వాడితే ఒక్కొక్క చారా బొమ్మ మనిషి తొడంత లావు కనిపిస్తుంది. అతికించాను. పాతగా కనిపించాలని తుప్పు రంగు కలిపి, గోడలకూ కప్పుకూ ఎక్కడా వెలితి లేకుండా సమంగా పులిమి, గర్వంగా పట్టుకెళ్లాను.

ఆయన దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చివరికి, "ఈ ఊళ్లో వాన ఎటువైపు నుంచి పడుతుంది?" అని అడిగాడు.

అదే నాకు పడ్డ తిట్టు. నా దగ్గర జవాబు లేదు. మళ్లీ చూసుకుంటే నా షెడ్డు పాతబడినట్టు లేదు, ఆటలమ్మ పోసినట్టు ఉంది.

ఇప్పుడు బుజ్జి చొక్కా దగ్గరికి వద్దాం. సాయంత్రం నువ్వు ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ నీ తెల్ల చొక్కాను ఒక్క చూపు చూసి, "ఇవాళ నేల మీద కూర్చోబెట్టారా? పెన్ను కక్కిందా? మధ్యాహ్నం బీట్‌రూట్ కూరా?" అని వరసగా అడిగేస్తుంది కదా. అమ్మకు ఎవరు చెప్పారు? కాలరు లోపలి అంచున నలుపు ఉంటే మెడ చెమట. జేబు అడుగున నీలం ఉంటే పెన్ను. మోచేతుల దగ్గర మాసితే బెంచీ. వెనక కింది అంచున ఎర్రమట్టి ఉంటే నువ్వు ఎక్కడ కూర్చున్నావో తెలిసినట్టే. అదే బీట్‌రూట్ మరక వీపు నట్టనడుమ ఉందనుకో, అమ్మ కళ్లు చిన్నవి చేసి, "ఇది ఎవరు పూశారు?" అంటుంది. పక్కింటి పెద్దాయన నన్ను అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే.

భవనం అంటే యాభై ఏళ్లుగా ఒంటి మీది నుంచి తీయని చొక్కా అనుకోండి. చూరు దాని కాలరు. కిటికీలు జేబులు. కిటికీ అడుగు చెక్క మీద నిలిచిన నీళ్లు రెండు మూలల నుంచి జారి గోడ మీద రెండు నల్లని చారలు గీస్తాయి, జేబులోంచి సిరా కారినట్టు. బస్తాలు దించే తలుపు ముంజేతి పట్టీ లాంటిది. చేతులూ గోనెలూ రాసుకుని రాసుకుని అక్కడ రంగు పోయి చెక్క నున్నగా మెరుస్తుంది. గోడ అడుగు చొక్కా కింది అంచు. చూరు నుంచి పడిన నీళ్లు నేలను కొట్టి మట్టిని గోడ మీదికి చిమ్ముతాయి. అసలు గోడకు అది అడుగు, అడుగున్నర ఎత్తు వరకు ఎగురుతుంది. బొమ్మ గోడకు 5 మిల్లీమీటర్లు. అంతకు మించి పూశామా, షెడ్డులోకి వరద వచ్చి పోయినట్టు ఉంటుంది. తీగ మీద ఆరేసిన చొక్కా ఎండ తగిలే వైపు వెలిసిపోయినట్టే, దక్షిణపు గోడ రంగు ముందుగా పెచ్చులూడుతుంది. ఉత్తరపు గోడ తడి ఆరక పాకుడు పడుతుంది. గుండీలు మేకులు అనుకుంటే...

ఇక్కడ చిన్నారి ఆపుతుంది, నాకు తెలుసు. గుండీలకు తుప్పు పట్టదు తాతయ్యా అంటుంది. నిజమే. చొక్కా మురికి బయటి నుంచి వచ్చి అంటుకునేది. తుప్పు ఎవరో తెచ్చి పూసేది కాదు, ఇనుమే గాలికీ తడికీ అలా మారిపోతుంది. మేకు తల దగ్గరో, రేకు కోసిన అంచు దగ్గరో, పైపూత గీరుకుపోయిన చోటో మొదలవుతుంది. ఆపైన వాన దాన్ని కిందికి లాగుతుంది. మొదట్లో చిక్కగా, ముదురుగా ఉన్న చార దిగేకొద్దీ పలచనై నారింజ రంగుకు తిరుగుతుంది. ఇది నాకు అమెరికాలో తెలిసిన సంగతి కాదు. పదేళ్ల వయసులో తెలిసి, డెబ్బై దాటాక మరిచిపోయాను.

మా నాన్నగారు అప్పుడు గుంతకల్లు, నంద్యాల మధ్య మీటర్ గేజ్ లైన్లో ఒక చిన్న స్టేషన్లో పనిచేసేవారు. బడి నుంచి రాగానే సరుకుల షెడ్డు గోడకు ఆనుకుని, వై.పి. అనే రకం ఆవిరి ఇంజను నీళ్లు తాగడం చూడటం నా పని. ఇంజను ఆగే చోట పైన పాదచారుల వంతెన అడుగు భాగం మసితో నిగనిగలాడేది. పక్కకు రెండు బారలు జరిగితే మామూలు రంగే. నీళ్ల గొట్టం కింద మాత్రం ఎండాకాలంలో కూడా పచ్చటి పాకుడు, దాని మీద ఒక పిచ్చుకల గుంపు. ఒక ఉగాదికి కుట్టించిన కొత్త తెల్ల చొక్కాతో అలాగే ఆనుకున్నాను. ఇంటికి వెళ్లేసరికి భుజం మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. అమ్మ ఒక్క దెబ్బ కూడా వేయలేదు, అదే నాకు భయం వేసింది. నిమ్మచెక్క తెచ్చి, ఉప్పు అద్ది, మరక మీద రుద్ది, ఎండలో పరిచింది. రెండు మధ్యాహ్నాలు అలా చేసింది. మరక పోయింది. నేను వెళ్లి ఆ మరక ఎక్కడ అంటిందో వెతికాను. రేకు గోడకు బిగించిన బోల్టు, సరిగ్గా నా భుజం ఎత్తున. మరుసటి ఉగాదికి అది నా భుజం కంటే రెండు వేళ్లు కిందికి దిగింది! బోల్టు దిగలేదని తెలుసు కానీ అలా చెప్పుకోవడంలో ఒక సరదా ఉండేది.

ఆ ఉప్పే ఇక్కడ మళ్లీ ఎదురైంది. వినండి, మీకు నచ్చుతుంది. రేకుకు ముందు తుప్పు రంగు వేసి ఆరనివ్వాలి. దాన్ని కాస్త తడిపి, అక్కడక్కడ ఉప్పు రవ్వలు చల్లాలి. అవి ఆరి అతుక్కున్నాక మీద బూడిద రంగు వేయాలి. అదీ ఆరాక పాత పళ్లబ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలిపోయి, రాలిన ప్రతి చోటా కింది తుప్పు తొంగిచూస్తుంది. మా అమ్మ ఉప్పుతో తుప్పును పోగొట్టింది, నేను ఉప్పుతో తుప్పును తెప్పిస్తున్నాను. ఆవిడ ఉండి చూస్తే ఏమనేదో!

ఒక్క జాగ్రత్త. బొమ్మ మీద ఒక మిల్లీమీటరు చార గీస్తే, అసలు షెడ్డు మీద అది 87 మిల్లీమీటర్లు, దాదాపు నా అరచేతి వెడల్పు. అందుకే నాలుగు వెంట్రుకల కుంచె. రంగు కూడా పలచగానే ఉండాలి. బొమ్మను రెండడుగుల దూరం నుంచి చూడటం అంటే అసలు షెడ్డును 174 అడుగుల అవతల నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి ఏ నలుపూ అంత నల్లగా కనిపించదు.

ఈ మురికి పిచ్చి నాతో మొదలైంది కాదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. బొమ్మ ఇంజన్లు తళతళలాడాలనుకునే రోజుల్లో ఆయన తన వాటికి మసి, తుప్పు, దుమ్ము పట్టించాడు. ఆయన రైలు మార్గంలో పెట్టెలను అటూ ఇటూ మార్చడానికి ఎమ్మా అనే స్టెగోసారస్, అంటే డైనోసార్ బొమ్మ కూడా ఉండేది, బుజ్జీ! 1973 జనవరిలో ఆయన పోయాడు. కొద్ది రోజులకే ఇంట్లో నిప్పంటుకుని ఆ లోకం చాలావరకు కాలిపోయింది. ఫోటోలు మిగిలాయి. ఇక మేమున్న రాష్ట్రంలోనే పీబాడీ అనే ఊళ్లో జార్జ్ సెలియోస్ 1967లో చెక్క కిట్ల కంపెనీ పెట్టాడు. ఆయన కట్టిన బొమ్మ నగరం 1930ల నాటి కాలాన్ని చూపేది. పనులు పోయి, జనం చేతుల్లో డబ్బు ఆడని కాలం. అక్కడి ఇళ్ల గోడలు పెచ్చులూడి ఉండటానికి వాన ఒక్కటే కారణం కాదన్నమాట.

నాకు అన్నిటికంటే కష్టమైంది వంకర. ముప్పై ఏళ్లు తిన్నగా గీసిన చేయి. ఇప్పుడు కప్పు నడుమ మిల్లీమీటరున్నర కుంగాలి, కొన్ని పలకల కొసలు చీలాలి, ఒకటి జారి వేలాడాలి. అన్నీ కొలిచి గీయాలి, ఎందుకంటే లేజర్‌కు పొరపాటున వంకరపోవడం రాదు. ఉత్సాహంలో తొమ్మిది పలకలు విరిచాను. పెద్దాయన ఏడింటిని బాగుచేయించాడు. మనుషులు వాడుకుంటున్న షెడ్డు ఇది, పాడుబడ్డది కాదు, ఎవరో ఒకరు మేకు కొడుతూనే ఉంటారు అన్నాడు. మీ బామ్మ చిరిగిన దుప్పట్లకు అతుకులు వేస్తుందే, అలా. మీరు ఆ అతుకుల దుప్పటి వద్దని పేచీ పెట్టకండి.

నాకు అంతుపట్టనిది ఒకటి ఉంది. ఒకే రోజు, ఒకే చేయి, ఒకే పెట్టెలోంచి తీసి కొట్టిన రెండు మేకుల్లో ఒకటి తుప్పు కారుస్తుంది, పక్కది మెరుస్తూ ఉంటుంది. తడి, పూత అంటూ ఏదో చెప్పగలను. చెప్పినా ఏ మేకు ముందు కారుతుందో ఇప్పటికీ ఊహించలేను. మన వీధి చివర పాత రేకుల షెడ్డు ఉంది కదా, ఇద్దరూ వెళ్లి చూడండి. ఒక చారను పట్టుకుని కింది నుంచి పైకి చూపు తీసుకెళ్లండి, అది పుట్టిన చోటు దొరికేవరకు. ముట్టుకోవద్దు, గీరుకుంటుంది.

కొత్త షెడ్డుకు మూడు గోడలు పూర్తయ్యాయి. పడమటి గోడను తెల్లగానే వదిలేశాను. మీరు చూసిన చార బొమ్మ గీసి, పక్కన అది ఎక్కడ మొదలైందో, ఎంత పొడవుందో రాసి పంపండి. ఆ గోడకు అదే వేస్తాను. అమ్మతో ఒక మాట చెప్పండి: ఈ శుక్రవారం బుజ్జి చొక్కాను నానబెట్టే ముందు వెనకా ముందూ ఒక్కొక్క ఫోటో తీసి పంపమన్నానని. తిట్టేది ఆ తర్వాత తిట్టుకోవచ్చు.

మీ తాతయ్య