కొండలకు ఏజెన్సీ అనే పేరు ఎక్కడిది?

పాడేరు, రంపచోడవరం వైపు ఉద్యోగం పడితే ‘ఏజెన్సీకి వేశారు’ అంటారు. గ్యాస్ ఏజెన్సీలో ఉన్న మాటే ఇది. కాకపోతే ఇక్కడ ఏజెంటు వ్యాపారి కాదు, జిల్లా కలెక్టరు.

1830లలో పర్లాకిమిడి, గుంసూరు (ఇప్పుడు ఒడిశాలో ఉన్నాయి) కొండల్లో తిరుగుబాట్లు రేగితే ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను కమిషనరుగా పంపింది. మైదానాల కోర్టులూ రెగ్యులేషన్లూ ఈ కొండల్లో సాగవని ఆయన తేల్చాడు. దాంతో 1839 నాటి 24వ చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి శిస్తు వసూలు, సివిల్, క్రిమినల్ విచారణ అన్నీ కలెక్టరుకే అప్పగించారు. అక్కడ ఆయన హోదా మద్రాసు గవర్నరుకు ఏజెంటు. ఆ ఏజెంటు మాట చెల్లే నేలే ఏజెన్సీ. గిరిజనుల రక్షణ కోసమే ఇదంతా అని ఇప్పుడు అనుకుంటాం గానీ, అప్పటి అక్కర కొండలను అదుపులో పెట్టుకోవడం. 1879లో కల్లు పన్ను మీద, ముఠాదారుల (కొండ ఊళ్ల పెత్తందార్ల) గొడవల మీద రంప ప్రాంతం రగిలాక గోదావరి కొండలకూ ఇదే పాలన పాకింది.

రక్షణ అనదగ్గది 1917 చట్టంతో మొదలైంది. అప్పుపై వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదు. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు మారితే చెల్లదు. ఆ అనుమతి అనే తలుపులోంచే భూములు జారిపోయాయి. ఏజెన్సీలో భూబదిలీలపై వచ్చిన 1959 నాటి 1వ రెగ్యులేషన్ తర్వాత దానికి 1970లో చేసిన సవరణ (1970 నాటి 1వ రెగ్యులేషన్) ఆ తలుపు మూసింది. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అదే.

దాని ప్రకారం గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. కొనేది గిరిజనులో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘమో కావాలి. తాకట్టు, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీ కిందికే వస్తాయి. వీలునామా మాత్రం బదిలీ కిందికి రాదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. తెల్లకాగితం ఒప్పందాలు, గిరిజనుల పేరిట బినామీ కొనుగోళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. సర్కారు కూడా ఈ నిషేధానికి అతీతం కాదని, గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నిజాం పాలనలో ఉన్న తెలంగాణ జిల్లాలకు మద్రాసు ఏజెంటుతో సంబంధమే లేదు. 1959 రెగ్యులేషన్‌ను అక్కడికి 1963లో విస్తరించారు, పేరూ దానితోపాటే వెళ్లింది. అందుకే ఉట్నూరు, ఏటూరునాగారం కూడా ఇప్పుడు ఏజెన్సీలే.

చిక్కు ఏమిటంటే, వాడుకలోని ఏజెన్సీ, చట్టంలోని షెడ్యూల్డు ప్రాంతం (రాష్ట్రపతి ఉత్తర్వులతో ప్రకటించిన గిరిజన ప్రాంతం) అచ్చంగా ఒకటి కావు. కొండ పక్కనున్నంత మాత్రాన ఊరు షెడ్యూలులో ఉండదు, రోడ్డు మీద ఉన్నంత మాత్రాన బయట ఉండదు. భూమి వ్యవహారంలో అడగాల్సింది ఆ రెవెన్యూ గ్రామం పేరు రాష్ట్రపతి ఉత్తర్వుల జాబితాలో ఉందా లేదా అని.