ఇరవై నిమిషాల దూరానికి గంట ఎందుకు?

శంషాబాద్ నుంచి గన్నవరం విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 265 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కదా, ఇరవై నిమిషాల్లో దిగిపోవాలి, మరి టికెట్ మీద గంట అని ఎందుకు వేస్తారని ఒక పాఠకుడు అడిగారు. చాలా మంచి ప్రశ్న. బడిలో మనం చేసిన లెక్కల్లో రైలు మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో పోతుంది. దాని బదులు ఈ విమానం లెక్క చేయిస్తే పిల్లలకు వేగం సంగతి ఇంకా బాగా పట్టుబడుతుందని నా గట్టి నమ్మకం.

ఆ గంటలో కొంత నేల మీదే పోతుంది. విమానాన్ని వెనక్కి నెట్టిన క్షణం నుంచి అవతల ఆగేదాకా లెక్కేస్తారు, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. అసలు కిటుకు మాత్రం దిగడంలో ఉంది.

పైలట్ల మోటు లెక్క ప్రకారం వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్లు ముందుకు పోవాలి. ముక్కు అంతకంటే వంచితే వేగం అదుపు తప్పి పెరుగుతుంది. దూర ప్రయాణాల్లో జెట్లు మామూలుగా ఎగిరే 36,000 అడుగుల ఎత్తు నుంచి దిగడానికే 200 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికీ దాదాపు అంతే. రెండూ కలిపితే 400. మనకున్నది 265! అందుకే ఈ దారిలో విమానం ఇరవై, పాతిక వేల అడుగుల దగ్గరే ఎక్కడం ఆపేస్తుంది. పూర్తి వేగంతో సాగేది మధ్యలో అయిదారు నిమిషాలే. అబిడ్స్‌లో బయల్దేరిన సిటీ బస్సు టాప్ గేర్‌లో పడేలోపే కోఠీ వచ్చేసినట్టు. పైగా పదివేల అడుగుల కింద వేగం 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదని సాధారణ నియమం.

ఇక గాలి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. దాని అంకెలు 09, 27. అంటే ఉత్తరం నుంచి కొలిస్తే 90, 270 డిగ్రీలు. విమానం గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంది కాబట్టి, తూర్పున ఉన్న విజయవాడకు పోవాల్సిన విమానం ముందు వికారాబాద్ వైపు లేచి, గుండ్రంగా వెనక్కి తిరుగుతుంది. గన్నవరంలోనూ అంతే, ఊరు దాటిపోయి పడమటికి మళ్లి దిగాలి. సోమ, శనివారాల్లో తూర్పుకి వారశూల అని ప్రయాణం వాయిదా వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వారం ఏదైనా విమానం ఏ దిక్కుకి లేవాలో తేల్చేది గాలే. తిరుగు ప్రయాణంలో ఈ రెండు మలుపులూ ఉండవు.

గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ ప్రొపెల్లర్ విమానాన్ని చూసి చాలామంది పెదవి విరుస్తారు. ఇంత చిన్న దారిలో జెట్టుతో పోలిస్తే దానికి పదీ పదిహేను నిమిషాలే ఎక్కువ పడుతుంది, ఇంధనం మాత్రం బాగా తక్కువ తాగుతుంది.