అంబలిలో కలిపే మాత్ర, అడిగి ఇచ్చే మాత్ర

మా బంధువును చూపించడానికి శ్రీకాకుళంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒకావిడ మాకంటే ముందు లోపలికి వెళ్లింది. తలుపు సరిగా పడలేదు. "డాక్టరు బాబూ, మా ఆయన తాగుడు మానేలా, ఆయనకు తెలియకుండా కలిపే మాత్ర రాసివ్వండి. పొద్దున్నే చోడి అంబలిలో కలిపేస్తాను" అంటోంది. కొంగు ముడిలోంచి ఖాళీ అయిన మాత్రల అట్ట ముక్క ఒకటి తీసి చూపించింది. పక్కింటివాళ్లు ఇచ్చారట. వైద్యుడు ఆ ముక్కను తిరిగి ఇవ్వలేదు. "ఆయనను తీసుకురా అమ్మా, ఆయనతోనే మాట్లాడాలి" అన్నారు.

ఆవిడను తప్పుపట్టే మనసు నాకు రాలేదు. కానీ వైద్యుడు కాదన్నది ఎందుకో తెలియాలి. ఇలా దొంగచాటుగా కలిపే మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. తాగిన మద్యాన్ని మన కాలేయం ముందు ఒక ఎంజైముతో, అంటే ఒంట్లో రసాయన మార్పులు చేసే పదార్థంతో, ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది. మరో ఎంజైము వెంటనే దాన్ని హాని లేని పదార్థంగా మార్చేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు విషం రక్తంలో పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, వాంతులు మొదలై, గుండె దడదడలాడుతుంది. కొందరికి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. అందుకే రోగికి తెలియకుండా దీన్ని ఎన్నడూ ఇవ్వకూడదని మందు మీదే హెచ్చరిక ఉంటుంది.

ఈ మాత్ర మీద జరిగిన ఒక క్లినికల్ ట్రయల్, అంటే మనుషుల మీద చికిత్సను పరీక్షించి చూడటం, నన్ను చాలాకాలం ఆలోచనలో పడేసింది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 605 మంది పురుషులను ఏడాదిపాటు గమనించి, 1986లో ఫలితాలు ప్రకటించారు. వారిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు రోజూ 250 మిల్లీగ్రాముల డైసల్ఫిరామ్. రెండో జట్టుకు ఒక్క మిల్లీగ్రామే, అంటే శరీరం మీద ఏ ప్రభావమూ చూపనంత తక్కువ. ఈ రెండు జట్లకూ డైసల్ఫిరామ్ ఇస్తున్నామనే చెప్పారు. మూడో జట్టుకు విటమిన్ మాత్ర ఇచ్చి, అందులో ఆ మందు లేదని చెప్పారు. పనిచేసేది మందా, మందు మీద భయమా అని విడదీసి చూడటానికే ఈ ఏర్పాటు.

ఏడాది చివర లెక్క చూస్తే, పూర్తిగా మానేసినవారి సంఖ్యలో మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ తాగినవారిలో మాత్రం 250 మిల్లీగ్రాములు తీసుకున్నవారు తక్కువ రోజులు తాగారు. మరో సంగతీ బయటపడింది. ఏ జట్టువారైనా సరే, ఇచ్చిన మాత్రను క్రమం తప్పకుండా వేసుకున్నవారే ఎక్కువగా మద్యానికి దూరంగా ఉండగలిగారు. మాత్ర వేసుకున్నందువల్ల మానారా, మానాలని గట్టిగా అనుకున్నవారే మాత్ర వేసుకున్నారా? ఈ ఒక్క ట్రయల్‌తో తేలదు. అంబలిలో కలిపితే మాత్రం ఆ మనిషి మనసుకు ఇందులో చోటే ఉండదు. మిగిలేది ప్రమాదం ఒక్కటే.

ట్రయల్ మొదలయ్యేదే అడగడంతో. మన దేశంలో 2019 నాటి నిబంధనల ప్రకారం, ఎవరినైనా చేర్చుకునే ముందు అన్నీ వివరించి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. చదువు రానివారైతే, ఆ బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు మాటలు మొదలైనప్పటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి, ఆ తర్వాతే వేలిముద్ర. సిరా అంటిన బొటనవేలు కాగితం మీద ఆనే ఆ క్షణానికి ముందు, రెండో పేజీ మళ్లీ చదవమని అడిగే హక్కు చేరబోయేవారికి ఉంది. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోవచ్చు. చేరిన తర్వాత కూడా ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, అందువల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి.

మద్యం విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మత్తులో ఉన్నప్పుడు చేసిన సంతకం సమ్మతి కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ట్రయల్ కోసమని, మొక్కు కోసమని ఒక్కసారిగా మానేయడమూ మంచిది కాదు. ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, మూర్ఛ రావచ్చు, ఆ తర్వాత మతిభ్రమణం కూడా. వైద్యుడి పర్యవేక్షణలోనే మానాలి.

"మనమేమైనా ఎలుకలమా?" అని మా ఊళ్లో అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ తాగినప్పుడు కలిగే హాయిని తగ్గించే నాల్ట్రెక్సోన్ అనే మందుకు 1994లో అమెరికాలో మద్యం వ్యసనానికి వాడేందుకు అనుమతి వచ్చిందంటే, అంతకుముందు ఎవరో సంతకం చేసి, తమకు అందుతున్నది మందో ఉత్తి మాత్రో తెలియకుండానే వారాల తరబడి వేసుకున్నారు కాబట్టే. అన్ని ట్రయల్స్‌లోనూ మాత్రలుండవు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 377 మంది పురుషులతో ఒక ట్రయల్ చేశారు, 2017లో ఫలితాలు వెలువడ్డాయి. అందులో సగం మందితో, వైద్య విద్య చదవని మామూలు మనుషులు శిక్షణ పొంది, కొద్ది విడతలు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత చూస్తే, ప్రమాదకరంగా తాగడం మానినవారు వారిలో నూటికి 36 మంది, మామూలు వైద్యం పొందినవారిలో 26 మంది. ఆశా కార్యకర్తలున్న మన జిల్లాల్లో ఇలాంటి పరీక్ష జరగాలని నా కోరిక. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

ట్రయల్‌లో చేరమని ఎవరైనా కాగితం పట్టుకుని మీ ఇంటికొస్తే, ముందు దేశంలోని ట్రయల్స్‌ను నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నమోదు సంఖ్య అడగండి. ట్రయల్ సరైనదో కాదో ముందుగా పరిశీలించే నైతిక సంఘాల్లో ఏది అనుమతించిందో అడగండి. మందుకూ పరీక్షలకూ డబ్బు అడిగితే ఆ కాగితం అక్కడే వదిలేయండి. మన శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి మీద పరిశోధన కోసం ఏళ్లుగా రక్తం, నీళ్ల నమూనాలు ఇస్తున్నవారు అడిగే ప్రశ్నను మీరూ అడగండి: ఇందులో ఏం తేలిందో తిరిగి వచ్చి మాకు చెబుతారా?