వేట నిషేధం వేళ జాలరి మహిళల బతుకు: వెనకటి కథ

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడేందుకు తెచ్చిన ఈ నిషేధం ఒకప్పుడు 47 రోజులే ఉండేది, 2015 నుంచి 61 రోజులైంది. నిషేధం అవసరమే. అయితే ఆ రెండు నెలలు ఇల్లు నెట్టుకురావలసిన ఆడవాళ్లకు చేతిలో ఆధారం లేకుండా పోవడానికి నిషేధం ఒక్కటే కారణం కాదు, దాని మూలాలు అంతకు చాలా ముందే ఉన్నాయి.

తెప్పలు, నాటు పడవలు నడిచిన రోజుల్లో విశాఖపట్నం పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా వేట మగవారిది, అమ్మకం ఆడవారిది. పడవ ఒడ్డుకు తగలగానే చేప వారి గంపల్లోకే వచ్చేది. అమ్ముడుపోగా మిగిలిన నెత్తళ్లను, కవళ్లను ఇసుక మీద పలచగా పరిచి, కాకులు వాలకుండా కాపలా కాసి, గలగలమనేదాకా ఎండబెట్టేవారు. వాటిని నెత్తికెత్తుకుని మెట్ట పల్లెలకు నడిచి వెళ్లి ధాన్యానికి, చింతపండుకు మార్చుకునేవారు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి వేట సాగని రోజుల్లో ఆ ఎండుచేపే ఇంటికి ఆదరువు.

రొయ్యల ఎగుమతి పెరిగి, మరబోట్లు వచ్చి, 1970వ దశకంలో ఫిషింగ్ హార్బర్ ఏర్పడ్డాక ఈ అమరిక చెదిరింది. బోటుకూ వలకూ డీజిలుకూ అప్పిచ్చిన వ్యాపారికే సరుకు ముందుగా దక్కసాగింది, మిగిలినది వేలంపాటకు వెళ్లింది. తన ఇంటి మగవాడు పట్టుకొచ్చిన చేపను కూడా ఆడమనిషి డబ్బు పెట్టి పాడుకోవలసి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. తెల్లవారకముందే హార్బరుకు చేరి, వడ్డీకి తెచ్చిన డబ్బుతో సరుకు కొని, ఐసుకూ ఆటో బాడుగకూ చెల్లించి, మధ్యాహ్నం దాకా వీధులు తిరిగితే మిగిలేదే ఆమె కూలి. పాట లేనినాడు ఆ కూలీ లేదు, వడ్డీ మాత్రం ఆగదు.

2020లో మార్చి 25న లాక్‌డౌన్ మొదలై, అది ముగియకముందే నిషేధ కాలం వచ్చిపడింది. కేంద్రం ఆ ఏడాది నిషేధాన్ని మే 31తో ముగించినా, అప్పటికే కుదువకు వెళ్లిన నగలు వెనక్కి రావడం అంత తేలిక కాదు. 2023 నవంబరు 19 రాత్రి హార్బరులో రేగిన మంటల్లో దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. వాటి యజమానుల నష్టం, వాటి మీద వేటకు వెళ్లే కళాసీల నష్టం అందరికీ తెలిసింది. ఆ బోట్ల సరుకు మీద బతికే గంపల్లో చేపలమ్ముకునే ఆడవాళ్ల నష్టం గురించి మాట్లాడినవారు తక్కువ.

నిషేధ కాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెంచింది. ఇది నిజంగా మేలు చేసిన నిర్ణయం. కానీ జాబితా తయారయ్యేది బోటును బట్టి, దాని మీద వేటకు వెళ్లేవారిని బట్టి. భర్త ఉన్న ఇంట్లో ఆ సొమ్ము ఎంతో కొంత వంటింటికి చేరుతుంది. భర్తను సముద్రంలో పోగొట్టుకుని, గంప మీదే పిల్లలను సాకుతున్న ఆడమనిషి ఆ రెండు నెలలూ అమ్మేందుకు చేప లేక కూర్చున్నా, ఆమె పేరు రాసే గడి ఆ జాబితాలో లేదు.