అలుగు మీద ఇసుక బస్తాలు

దేవరకొండ

చిన్నీ, బన్నీ,

ఎండాకాలం సెలవుల్లో ఒకరాత్రి డాబా మీద పడుకొని చిన్నీ అడిగింది: "రోజూ ఇంత ఎండ పడుతుంటే భూమి ఎందుకు కాలిపోదు తాతా?" నిద్రమత్తులో "పొద్దున చెప్తా" అన్నాను. పొద్దున మీ నాన్న బస్సుకు టైమైందని ఒకటే హడావిడి. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నా.

మన చేను పక్కన పరుపుబండ గుర్తుందా? పొద్దుగూకినాక దాని మీద కూర్చోబోయి బన్నీ చురుక్కుమని లేచాడు. ఎండ పోయినా బండ సెగ కొడుతూనే ఉంది. ఆ సెగ కంటికి కనపడని వెలుగు, మీ పుస్తకంలో పరారుణ కిరణాలంటారు. భూమి మొత్తం చేసేదీ అదే. పైన అంతా శూన్యం కదా, వేడి పోవడానికి వేరే దారి లేదు.

రాత్రీ పగలూ కలిపి సగటు చూస్తే, చదరపు మీటరుకు సుమారు 340 వాట్ల ఎండ వస్తుంది. అందులో 100 దాకా మబ్బులు, మంచు, నేల అటే తిప్పికొడతాయి. మిగిలిన 240 మళ్లీ సెగగా బయటికి పోవాలి. ఎవరు కొలిచి పంపుతారు? ఎవరూ కాదు. చెరువు నిండితే, ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు పారుతుంది. వాగు ఎక్కువ తెస్తే మట్టం పెరుగుతుంది, మట్టం పెరిగినకొద్దీ అలుగు జోరందుకుంటుంది. వచ్చేదీ పోయేదీ సరిపోయిన చోట చెరువు నిలుస్తుంది. భూమికి ఆ మట్టమే వేడి.

గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఈ సెగను పట్టుకొని కొంత కిందికే పంపుతాయి. అవి లేకుంటే భూమి సగటు వేడి మైనస్ 18 డిగ్రీలు, ఉన్నందుకే 15. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నాయనమ్మకు గొంగడి చాలదు. మబ్బు పడితే అదే గొంగడి ఉక్కపోత.

మా చిన్నప్పుడు ఇంకో జానెడు నీళ్లు నిలుస్తాయని ఆయకట్టు రైతులు అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చేవాళ్లు. రెండు రోజులు అలుగు బంద్. తర్వాత మళ్లీ పారేది, కానీ చెరువు జానెడు పైకి వచ్చాక. బొగ్గు, పెట్రోలు కాల్చి మనం చేసిందీ అదే. గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్ 420 దాటింది. ఇప్పుడు వచ్చేదానికంటే పోయేది చదరపు మీటరుకు దాదాపు ఒక వాట్ తక్కువ. ఇంతేనా అంటాడు బన్నీ. భూమంతా పరిచి చూడరా! అలా మిగిలిపోయే వేడిలో దాదాపు 90 శాతం సముద్రాల్లోకే పోతోంది.

బస్తాలు వేసినప్పుడల్లా చెరువు లోపలి అంచున ఉండే శిఖం పొలాల వాళ్లు కట్టెలు పట్టుకొని వచ్చేవాళ్లు, పైరు మునుగుతోందని. దసరాకు రండి, అలుగు పారుతుంటే చూపిస్తా.

మీ తాత