బ్యాంకుల విలీనం: కౌంటర్ ఇవతల నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ప్రభుత్వ బ్యాంకులన్నీ ఒకటే, బోర్డు మారిస్తే చాలు.

జీతాల ఒప్పందం ఒకటే, ఆర్‌బీఐ సర్క్యులర్లూ ఒకటే. కానీ 'సరే' అనే ధైర్యం బ్యాంకుకో తీరు.

మా బ్యాంకు పెద్ద బ్యాంకులో కలిసినప్పుడు నేను బెంగళూరు అవెన్యూ రోడ్డు దగ్గరి బ్రాంచిలో ఉన్నాను. చీరల వ్యాపారి ఒకాయన, ప్రొద్దుటూరు మనిషి, ఇరవై ఏళ్ల ఖాతాదారు. క్లియరింగ్‌లో చెక్కుకు నలభై వేలు తక్కువైతే పాత మేనేజరు "సాయంత్రంలోగా కట్టేయండి శెట్టిగారూ" అని ఫోన్ చేసి, టీఓడీ (తక్కువైన సొమ్ముకు కొద్దికాలం ఓవర్‌డ్రాఫ్ట్) ఇచ్చి పాస్ చేసేవారు. విలీనమైన నెలకే అలాంటి చెక్కు వెనక్కి పోయింది. కొత్త మేనేజరు చెడ్డవారేం కాదు. టీఓడీ ఇచ్చే అధికారం ఆయనకూ ఉంది. కాకపోతే ఆయన పెరిగిన బ్యాంకులో ఆ అధికారం వాడినవాళ్లకు మెమోలొచ్చేవి. "ఏంప్పా, నేనేమన్నా పారిపోతానా?" అన్నారు శెట్టిగారు. నేను పాస్‌బుక్ ప్రింటర్ వైపు చూస్తూ ఉండిపోయాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఒకటైతే సగం పని అయిపోయినట్టే.

2019 ఆగస్టులో పది ప్రభుత్వ బ్యాంకుల్ని నాలుగు చేస్తామన్నప్పుడు ఈ లెక్కే చెప్పారు. యూనియన్, ఆంధ్రా, కార్పొరేషన్ బ్యాంకులు మూడింటిదీ ఫినాకిల్ సాఫ్ట్‌వేరే. ఖాతాల బదిలీకి అది లాభమే, కాదనను. కానీ ఎంట్రీ ఒకరు చేస్తే వెరిఫై ఇంకొకరు చేయాలి కదా. మా దగ్గర ఆఫీసరే మన సీటు దగ్గరికొచ్చి వోచరు చూసేవారు. కొత్త పద్ధతిలో వోచరు పట్టుకుని ఆయన టేబుల్ ముందు మనం నిలబడాలి. స్క్రీన్ అదే, మెనూ అదే. క్యూ మాత్రం పెరిగింది.

అపోహ: రెండ్రోజుల వర్క్‌షాపుతో సంస్కృతి కలుస్తుంది.

గ్రూప్ ఫొటో బాగా వచ్చింది. మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు మాత్రం వాళ్లు ఓ టేబుల్, మేం ఓ టేబుల్. సీనియారిటీ లిస్టు వచ్చాక టేబుళ్ల మధ్య మాటలు ఇంకా తగ్గాయి.

అపోహ: పేరు పోతే బాధ ఉద్యోగులకే, పాత ఖాతాదారు ఎక్కడికీ పోడు.

1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇక్కడి, అంటే బెంగళూరు, విజయా బ్యాంకు అంతకు సరిగ్గా ఏడాది ముందే బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసింది. అలాంటి పేర్లు చూసి తాతలు తెరిచిన ఖాతాలు మనవలు మూసేయరు. మెల్లగా ఖాళీ చేస్తారు. మా శెట్టిగారి కరెంటు ఖాతా ఇప్పుడు ఎదురు సందులో ప్రైవేటు బ్యాంకులో నడుస్తోంది. లాకరు ఇంకా మా దగ్గరే ఉంది.