రాష్ట్రానికో గడప: అమెరికాలో నర్సు లైసెన్సు వెనక కథ

మా మేనకోడలు టెక్సాస్‌లో ఆరేళ్లు ఐసీయూ నర్సుగా పనిచేసింది. భర్తకు మరో రాష్ట్రంలో ఉద్యోగం రావడంతో నిరుడు కాపురం అక్కడికి మార్చారు. పరీక్ష మళ్లీ రాయక్కర్లేదు, లైసెన్సు మాత్రం మళ్లీ తెచ్చుకోవాలి. పది వేళ్లకూ నల్ల సిరా పూసి అట్ట మీద ముద్రలు వేయించుకుంది. ఆ అట్ట, దరఖాస్తు, రుసుము పంపి ఇంట్లో కూర్చుంది. "అదే చెయ్యి, అదే సూది. అక్కడ పనికొచ్చినదాన్ని ఇక్కడ ఎందుకు పనికిరాను మామయ్యా?" అని ఫోనులో అడిగింది. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసం నూట ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లవలసి వచ్చింది.

అమెరికా రాజ్యాంగం కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలకే మిగిలాయి. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే అధికారం వాటిలో ఒకటి. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం డెంట్ అనే వైద్యుడిని శిక్షించినప్పుడు ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1889లో కోర్టు రాష్ట్రం వైపే నిలిచింది. ఎవరు వైద్యం చేయాలో తేల్చేది రాష్ట్రమేనని అప్పుడు స్థిరపడింది. తరవాత నర్సులూ అదే దారిలో నడిచారు.

అప్పటికి నర్సు అనే మాటకు హద్దే లేదు. 1873లో న్యూయార్క్, న్యూహేవెన్, బోస్టన్ నగరాల్లో మొదలైన శిక్షణ పాఠశాలలు త్వరలోనే ఊరూరా వెలిశాయి. ఆసుపత్రులకు అవి లాభసాటి. విద్యార్థినుల చేత రోజంతా చాకిరీ చేయించుకుని దానికే శిక్షణ అని పేరు పెట్టవచ్చు. మూడేళ్లు చదివిన అమ్మాయి, నాలుగు వారాలు వార్డులో తిరిగిన అమ్మాయి ఇద్దరూ శిక్షణ పొందిన నర్సులమనే చెప్పుకునేవారు. రోగి ఇంటివాళ్లకు తేడా తెలిసే దారి లేదు.

1901లో న్యూజిలాండ్ నర్సుల నమోదుకు ప్రత్యేక చట్టం చేసింది. అమెరికాలో మొదటి చట్టం 1903 మార్చిలో నార్త్ కరోలినాలో వచ్చింది. దాని వెనక ఉన్నది మేరీ లూయిస్ వైష్ అనే నర్సు. ఆమె, తోటి నర్సులు శాసనసభ్యుల చుట్టూ తిరిగి ఆ చట్టం సాధించారు. ఓటు హక్కు కూడా లేని ఆడవాళ్లు మగవాళ్ల సభ చేత చట్టం చేయించుకున్నారన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అదే ఏడాది న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా కూడా చట్టాలు చేశాయి. 1923 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ వచ్చాయి.

అయితే ఆ చట్టాలు కాపాడింది పేరునే. నమోదు లేనివాళ్లు 'రిజిస్టర్డ్ నర్సు' అని రాసుకోకూడదు, అంతే. పని చేయవద్దని ఎవరూ అనలేదు. ఆ పేరైనా అందరికీ దక్కిందా అంటే అదీ లేదు. జార్జియాలో నల్లజాతి నర్సులను రాష్ట్ర నర్సుల బోర్డు నమోదు చేసుకునేది కాదు. లూడీ ఆండ్రూస్ అనే నర్సు 1909లో దీనిపై న్యాయపోరాటానికి దిగింది. పోరు నడుస్తుండగా, ఆమె ఒక్కదానికే లైసెన్సు ఇస్తామని బోర్డు బేరం పెట్టింది. తనలాంటి వాళ్లందరికీ ఇస్తేనే తీసుకుంటానని ఆమె తిప్పికొట్టింది. 1920లో గెలిచింది. ఇంటి దగ్గరికి వచ్చిన కాగితాన్ని తోసేసి పదకొండేళ్లు నిలబడటం మాటలు కాదు. ఈ చరిత్రలో నాకు అందరికంటే పెద్దమనిషి ఆవిడే.

లైసెన్సు లేకుండా జీతానికి నర్సు పని చేయనే కూడదన్న నిబంధన మొదట న్యూయార్క్‌లో, 1938 చట్టంతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల దాని అమలు వాయిదా పడింది. ఆ యుద్ధమే పరీక్షలనూ మార్చింది. అప్పటిదాకా ప్రతి బోర్డూ తన ప్రశ్నపత్రం తానే తయారుచేసుకుని, వ్యాసాలు రాయించి, దిద్దడానికి నెలలు తీసుకునేది. నర్సుల కోసం ఆసుపత్రులు ఎదురుచూస్తుంటే ఈ నిదానం కుదరలేదు. 1944లో బోర్డులు ప్రశ్నలన్నీ ఒక్కచోట పోగుచేసి ఉమ్మడి పరీక్ష మొదలుపెట్టాయి. 1950కల్లా అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి. పరీక్ష అందరికీ ఒకటైంది, లైసెన్సు మాత్రం ఎవరిది వారిదే. మా మేనకోడలి ప్రశ్న నిజానికి అప్పుడే పుట్టింది.

1978లో బోర్డులన్నీ కలిసి జాతీయ మండలిగా ఏర్పడ్డాయి. 1982లో ఆ ఉమ్మడి పరీక్షకు ఎన్‌క్లెక్స్ అనే పేరు వచ్చింది. మొదట్లో కాగితం మీద, రెండు రోజులపాటు, ఏడాదికి రెండుసార్లు జరిగేది. 1994లో కంప్యూటర్ మీదికి మారింది. సరిగ్గా రాస్తే తరవాతి ప్రశ్న కాస్త కఠినంగా, తప్పితే కాస్త తేలికగా వస్తుంది. ఇప్పుడు కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠం 150, సమయం ఐదు గంటలు. అభ్యర్థి సత్తా యంత్రానికి తేలిపోగానే తెర ఆగిపోతుంది. తెర ఆగినప్పుడు మా అమ్మాయికి గెలిచిందో ఓడిందో తెలియలేదు. వణుకుతున్న చేతులతో బయటికి వచ్చి కారులో అరగంట కూర్చుందట.

గోడలు దించే ప్రయత్నం 2000లో రాష్ట్రాల మధ్య ఒక ఒప్పందంతో మొదలైంది. ఒప్పందంలో చేరిన రాష్ట్రంలో నివాసముండే నర్సుకు అక్కడ ఇచ్చిన లైసెన్సు మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. 2018 జనవరిలో కొత్త రూపంతో, వేలిముద్రలతో నేరచరిత్ర పరిశీలన తప్పనిసరి చేస్తూ మళ్లీ అమలైంది. ఇప్పుడు సభ్యుల సంఖ్య 40 దాటింది. టెక్సాస్ మొదట్లోనే చేరింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇంకా బయటే ఉన్నాయి. నర్సుల సంఘాలు కొన్ని దీన్ని వ్యతిరేకిస్తాయి. తమ రాష్ట్రంలో సమ్మె జరిగితే ఆసుపత్రులు పక్క రాష్ట్రాల వాళ్లను దించుతాయని, తప్పు చేసిన నర్సుపై చర్య తీసుకునే పట్టు సడలుతుందని వాళ్ల భయం. ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ 2020 మార్చిలో కరోనా వార్డులు నిండినప్పుడు న్యూయార్క్ గవర్నరే ఆదేశమిచ్చి బయటి రాష్ట్రాల నర్సులను పనిలోకి పిలిచారు. ఆపదలో నమ్మిన చేతులను మామూలు రోజుల్లో నమ్మకపోవడం నాకు న్యాయంగా తోచదు.

మన దేశం నుంచి వెళ్లే నర్సులకు ఇంకో గడప ఉంది. బయటి దేశాల నర్సులు చాలామంది అమెరికా చేరాక లైసెన్సు పరీక్షలో తప్పుతున్నారని 1977లో ఫిలడెల్ఫియాలో ఒక సంస్థ పెట్టారు. చదువును ముందే అంచనా కట్టడం దాని పని. అందుకే కాలేజీ మార్కుల పత్రాలు, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ధ్రువీకరణ నేరుగా పంపించుకునే తంతు. బహుళ రాష్ట్ర లైసెన్సుకు అమెరికా సామాజిక భద్రతా సంఖ్య ఉండాలి. ఇంకా విమానం ఎక్కని అమ్మాయికి అది ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంఖ్య అడగదన్న కారణంతో మనవాళ్లు చాలామంది మొదట న్యూయార్క్‌కు దరఖాస్తు పెడతారు. ఇల్లు మార్చుకుంటే లైసెన్సు మార్చుకోవడం మనకూ కొత్త కాదు. 1926 నాటి మద్రాసు నర్సుల చట్టం నుంచీ మన దగ్గర నమోదు రాష్ట్ర కౌన్సిల్ చేతిలోనే ఉంటూ వచ్చింది.

మా అమ్మాయికి కొత్త లైసెన్సు వచ్చింది. ఆ రాష్ట్రం ఒప్పందంలో లేదు కాబట్టి టెక్సాస్ లైసెన్సు కూడా మారిపోయింది. నర్సుల లైసెన్సులు చూసుకునే జాతీయ జాబితాలో ఆమె పేరు ఎదురుగా ఆరేళ్లు 'మల్టీస్టేట్' అని ఉండేది. ఇప్పుడు రెండు వరుసలు ఉన్నాయి, రెండింటి ఎదురుగానూ 'సింగిల్ స్టేట్' అని ఉంది.